ఆడపిల్లలు ఆట మధ్యలో వదిలేయకుండా కోచింగ్ నడపడం ఎలా?

"అక్కా, జూన్‌లో పద్దెనిమిది మంది అమ్మాయిలు చేరారు. దసరా సెలవుల తర్వాత చూస్తే ఏడుగురే మిగిలారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?" బెంగళూరులో కొత్తగా కోచింగ్ మొదలుపెట్టిన వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. తల్లిదండ్రులు ఇంకోలా అడుగుతారు. "మొదట్లో నేను లేపకుండానే లేచి వెళ్లేది. ఇప్పుడు ప్రాక్టీస్ అంటే కడుపునొప్పి అంటోంది. బలవంతం చేయాలా, మాన్పించాలా?"

నేను కేఆర్ పురం వైపు స్కూలు అమ్మాయిలకు వాలీబాల్ నేర్పిస్తాను. వాళ్లలో సగం మంది చిత్తూరు, అనంతపురం, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు. నేను చూసినంతలో ఆట మీద ఇష్టం చచ్చిపోయి మానేసే పిల్లలు తక్కువ. కోర్టులో తనకు చోటు లేదని అనిపించినప్పుడు మానేసేవాళ్లే ఎక్కువ. ఆ చోటు ఇచ్చేదీ, తెలియకుండానే లాగేసేదీ చాలావరకు కోచే.

కింద రాసినవి నేను పాటిస్తున్న పద్ధతులు. ఏ ఆటకైనా పనికొస్తాయి. వీలైనంతవరకు ఇదే వరసలో చేయండి. మైదానంలో బాత్రూం లేకుండా, పిల్లలతో ఎలా మాట్లాడాలో నేర్చుకున్నంత మాత్రాన ఎవరూ నిలబడరు.

1. ముందు మానేసిన వాళ్ల లెక్క తీయండి

కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం కూర్చుని, గత రెండేళ్లలో మానేసిన అమ్మాయిలందరి పేర్లూ ఒక నోటుబుక్‌లో రాయండి. ఒక్కొక్కరికి ఈ వివరాలు పెట్టండి:

- ఏ నెలలో మానేసింది, అప్పుడు ఏ క్లాసు
- చేరిన ఎన్ని నెలలకు మానేసింది
- ఆఖరి మూడు వారాల్లో ఎన్ని రోజులు వచ్చింది
- దానికి ముందు ఏం జరిగింది: సెలెక్షన్, గాయం, ఓటమి, టైమింగ్ మార్పు, కోచ్ మార్పు, ఇంట్లో ఫంక్షన్
- ఆఖరిసారి మీరు ఆ పిల్లతో ఏం మాట్లాడారు

చివరి ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. నేనూ ఆగిపోయాను. ఏం మాట్లాడానో గుర్తు రాలేదంటే, ఆ పిల్లతో ఆఖరి రోజుల్లో నేను మాట్లాడనే లేదన్నమాట.

తర్వాత వాళ్లలో నలుగురైదుగురికి ఫోన్ చేయండి. తల్లి ద్వారా చేయండి. "ఎందుకు మానేసింది?" అని అడిగితే "చదువండీ" అనే జవాబు వస్తుంది, ఎందుకంటే అది ఎవరినీ నొప్పించని జవాబు. దానికి బదులు ఇలా అడగండి: "మా దగ్గరికి వచ్చే రోజుల్లో పాపకి అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నదేంటి? నేను మార్చుకోవడానికే అడుగుతున్నానమ్మా." అడిగాక మాట్లాడకుండా వినండి. సమర్థించుకోవడం మొదలుపెడితే నిజం అక్కడితో ఆగిపోతుంది.

నా నోటుబుక్‌లో ఎక్కువ మంది నాలుగు చోట్ల జారిపోయారు: పెద్దమనిషి అయిన తర్వాత, సెలెక్షన్ లిస్టు పెట్టిన వారంలో, వేసవిలో ఊరెళ్లి వచ్చాక, పదో తరగతి మొదలయ్యాక. మీ లెక్క వేరుగా రావచ్చు. ఎక్కడ జారుతున్నారో తెలిస్తే శ్రద్ధ అక్కడ పెట్టొచ్చు.

2. మైదానాన్ని ఆడపిల్లలకు తగ్గట్టు సిద్ధం చేయండి

ప్రాక్టీస్ మొదటి రోజుకు ముందే ఈ పనులు పూర్తవ్వాలి.

- గడియ పడే తలుపు, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఉన్న బాత్రూం. మైదానంలో లేకపోతే పక్క స్కూలుతోనో గుడితోనో మాట్లాడి ఏర్పాటు చేయండి.
- ఒక డబ్బాలో శానిటరీ ప్యాడ్లు, పాత పేపర్లు, ఒక నల్ల ట్రాక్ ప్యాంట్. ఎవరినీ అడగక్కర్లేకుండా తీసుకునే చోట పెట్టండి.
- కింది యూనిఫాం ముదురు రంగులో. తెల్ల షార్ట్స్ వద్దు. షార్ట్స్, ట్రాక్ ప్యాంట్, లెగ్గింగ్స్‌లో ఏది వేసుకోవాలో పిల్ల ఇష్టం.
- ప్రాక్టీస్ అంతసేపూ కోర్టు దగ్గర ఒక మహిళ. కోచ్ మగవాళ్లైతే అసిస్టెంట్ గానీ, వంతులవారీగా తల్లులు గానీ.
- చీకటి పడకముందే ఇంటికి చేరేలా టైమింగ్. చలికాలంలో అరగంట ముందుకు జరపండి.

రాకపోకల మాట. కర్ణాటకలో శక్తి పథకం కింద 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్లకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మన తెలుగు కుటుంబాలు చాలామంది ఆధార్‌లో ఊరి అడ్రస్సే ఉంచేస్తారు. కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు ఉంటేనే ఇది వర్తిస్తుంది. మొదటి మీటింగ్‌లోనే ఈ మాట చెప్పండి. ఆటో ఖర్చు భరించలేక మానేస్తున్నామని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఒకే రూట్లో వెళ్లే పిల్లలను జతలుగా కలిపితే తల్లిదండ్రులకు ధైర్యం ఉంటుంది.

సెప్టెంబర్, అక్టోబర్ సాయంత్రాల్లో ఇక్కడ వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ప్రాక్టీస్ రద్దు చేసేదుంటే సాయంత్రం నాలుగింటికల్లా చెప్పేయండి. సిల్క్ బోర్డు దగ్గర తడుస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చాక "ఈరోజు లేదమ్మా" అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఆట మీదే గొడవ జరుగుతుంది.

3. హద్దులు మొదటి రోజే చెప్పండి

ఇందులో బేరం లేదు. పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి చెప్పి, ఒక కాగితం మీద రాసి ఇవ్వండి:

- కోచ్ పిల్లతో ఒంటరిగా మూసిన గదిలో ఉండరు, ఒంటరిగా బండి మీద తీసుకెళ్లరు.
- పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టరు. అన్నీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే.
- పొజిషన్ సరిచేయడానికి ముట్టుకోవాల్సి వస్తే ముందు అడుగుతారు. వద్దంటే మాటతోనే చెబుతారు.
- టోర్నమెంట్‌కు బయటి ఊరు వెళితే ఒక మహిళ తోడు ఉంటారు. జాతీయ జట్లలో అమ్మాయిలు ఉంటే మహిళా కోచ్ వెంట ఉండాలని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా 2022లో చెప్పింది. స్కూలు జట్టుకూ అదే పాటించండి.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. "అకాడమీ పేరు పోతుంది" అని లోపల సర్దుబాటు చేయడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ గోడ మీద రాసి ఉంచండి.

4. మొదటి నెల: పేర్లు, జతలు, చిన్న గెలుపులు

మొదటి నెలలో ర్యాంకులు, టెస్టులు, టీం విభజన ఏవీ వద్దు.

మొదటి వారంలో అందరి పేర్లూ నేర్చుకోండి. "ఏయ్, నీలం టీషర్ట్" అని పిలిపించుకున్న పిల్ల తనను ఎవరూ గమనించడం లేదనుకుంటుంది. రెండో వారంలో జతలు కట్టండి: ఒక పాత అమ్మాయి, ఒక కొత్త అమ్మాయి. జత ప్రతి మూడు వారాలకూ మారాలి. లేకపోతే తెలుగు పిల్లలు ఒక గుంపు, కన్నడ పిల్లలు ఒక గుంపు అయిపోతారు, రెండింటిలోనూ లేని తమిళ పిల్ల ఒక్కతే నిలబడుతుంది. సూచనలు అందరికీ తెలిసిన భాషలో ఇవ్వండి. నేను కన్నడలో చెప్పి, అర్థం కాని వాళ్లకు దగ్గరికెళ్లి తెలుగులో చెబుతాను.

మూడు, నాలుగు వారాల్లో ప్రతి పిల్లా "ఇది నాకు వచ్చింది" అనగలిగేది ఒకటైనా ఉండాలి. అండర్‌హ్యాండ్ సర్వ్ నెట్ దాటితే చాలు. దాటకపోతే రెండడుగులు ముందుకు రమ్మనండి. గీత దగ్గర నిలబెట్టి పదిసార్లు ఓడించడం కంటే, దగ్గర నుంచి ఏడుసార్లు దాటించి వారానికో అడుగు వెనక్కి పంపడం మేలు.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషిలో సొంత ఉత్సాహం నిలవడానికి మూడు కావాలన్నారు: నా మాటకు విలువ ఉంది అనిపించడం, నాకు పని వస్తోంది అనిపించడం, వీళ్లు నా వాళ్లు అనిపించడం. ప్రతి సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఈ మూడూ ప్రతి పిల్లకూ అందాయా అని చూసుకోండి. అంతకు మించిన పరీక్ష నాకు తెలియదు.

5. తొంభై నిమిషాల ప్రాక్టీస్ ఎలా పంచాలి

- 10 నిమిషాలు: నెట్ కట్టడం, బంతులు తేవడం, కబుర్లు. కెప్టెన్‌తో సహా అందరూ వంతులవారీగా.
- 20 నిమిషాలు: వార్మప్, దూకి దిగడం సాధన.
- 25 నిమిషాలు: ఆ రోజు ఒకే ఒక్క నైపుణ్యం.
- 10 నిమిషాలు: రెండు డ్రిల్స్ చెప్పి, ఏది చేయాలో పిల్లలనే ఎంచుకోనివ్వడం.
- 20 నిమిషాలు: ఆట. ప్రతి ఒక్కరూ ఆడాలి.
- 5 నిమిషాలు: గుండ్రంగా కూర్చుని, "ఈరోజు పక్కవాళ్లలో ఏం బాగుంది?" అని ఒక్కో మాట.

టైం సరిపోలేదని దూకి దిగే సాధనను ఎప్పుడూ కోయకండి. దూకడం, గబుక్కున తిరగడం ఉండే ఆటల్లో మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి, మోకాళ్లు లోపలికి వాలకుండా పాదాల వేళ్ల వైపే ఉండేలా దిగడం నేర్పితే ఆ ప్రమాదం తగ్గుతుంది. ఫుట్‌బాల్ కోచ్‌లకు ఫిఫా 11 ప్లస్ అనే ఇరవై నిమిషాల వార్మప్ ఉచితంగా దొరుకుతుంది. మోకాలు ఒకసారి పోతే, ఆపరేషన్ అయినా, చాలా ఇళ్లలో ఆడపిల్ల ఆట అక్కడితో ముగిసిపోతుంది.

ఎంపిక ఇచ్చే పది నిమిషాలు చూడ్డానికి చిన్నవే. కానీ ఇంట్లో, స్కూల్లో, ట్యూషన్‌లో ఎక్కడా ఏదీ తనంతట తాను ఎంచుకోని పిల్లకు అవి చాలా పెద్దవి.

6. మీ నోరు: అన్నిటికంటే ఎక్కువ సాధన ఇక్కడే కావాలి

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ కోచ్‌ల మీద బార్నెట్, స్మాల్, స్మిత్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 1992లో వచ్చింది. కొందరు కోచ్‌లకు పిల్లలతో ఎలా మెలగాలో శిక్షణ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మరుసటి ఏడాది శిక్షణ లేని కోచ్‌ల దగ్గర 26 శాతం పిల్లలు ఆట మానేశారు. శిక్షణ పొందిన వాళ్ల దగ్గర 5 శాతమే. మానేసిన పిల్లల జట్లు ఎక్కువ ఓడిపోయాయా అంటే, అదీ లేదు. గెలుపోటముల్లో తేడా కనిపించలేదు. అది అబ్బాయిల ఆట, వేరే దేశం. అయినా నా కోర్టులో నేను చూసింది అదే. గెలిపించే కోచ్ దగ్గర నుంచి కూడా పిల్లలు వెళ్లిపోతారు.

*తప్పు జరిగిన క్షణంలో.* బంతి చేజారిన వెంటనే పిల్ల ముందు మీ మొహం చూస్తుంది. తల కొట్టుకోవడం, నిట్టూర్చడం, పక్కకు తిరిగిపోవడం కూడా తిట్టు కిందే లెక్క. ఆ క్షణంలో ఒకే మాట చాలు: "పర్లేదు, తర్వాతది." సరిచేయడం పాయింట్ అయిపోయాక.

*సరిచేసే పద్ధతి.* ఏం బాగుందో చెప్పండి, ఏం మార్చాలో ఒక్కటే చెప్పండి, మార్చితే ఏమవుతుందో చెప్పండి. "బంతి కిందికి టైంకి చేరావు. మోచేతులు ఇంకాస్త చాచు. అప్పుడు బంతి నేరుగా సెట్టర్‌కి వెళ్తుంది." (సెట్టర్ అంటే కొట్టేవాళ్లకు బంతి లేపి ఇచ్చే అమ్మాయి.) మూడు తప్పులు ఒకేసారి చెబితే ఒక్కటీ దిగదు.

*పొగడ్త.* "సూపర్, సూపర్" అని అందరికీ ఒకేలా అంటే వారంలో దానికి విలువ పోతుంది. "నిన్న వదిలేసిన బంతి ఈరోజు పరిగెత్తి అందుకున్నావు" అనండి. ఆ మాట పిల్ల ఇంటికెళ్లి తల్లికి చెబుతుంది.

*పోలిక.* "దాన్ని చూసి నేర్చుకో" అన్న మాటతో ఇద్దరు అమ్మాయిలకు నష్టం. ఒకరికి సిగ్గు, ఇంకొకరికి స్నేహితులు దూరం. పోలిక పెట్టాలంటే పోయిన నెల తనతోనే పెట్టండి.

*శిక్షగా పరుగులు.* తప్పు చేసినందుకు రౌండ్లు కొట్టించకండి. పరుగు కావాలంటే ప్రాక్టీస్‌లో భాగంగా పెట్టండి. శిక్షగా పరిగెత్తిన పిల్లకు పరుగంటేనే అసహ్యం పుడుతుంది.

*గట్టిగా ఉండడం.* ఇవన్నీ చదివి "అంటే మెత్తగా ఉండాలా?" అనుకోవద్దు. అమ్మాయిలు కష్టమైన ప్రాక్టీస్‌కు భయపడి మానేస్తారనేది నేను ఒప్పుకోను. టైంకి రావాలి, డ్రిల్ పూర్తి చేయాలి, తోటివాళ్లను వెక్కిరించకూడదు. ఈ నియమాలు నా దగ్గర కఠినంగానే ఉంటాయి. "నీకు ఇది చేతనవుతుంది, అందుకే ఇంకోసారి చేయమంటున్నాను" అన్నప్పుడు వాళ్లు చేసే శ్రమ చూస్తే కళ్లు చెమరుస్తాయి.

*ఒంటి గురించి.* లావు, సన్నం, నలుపు, పొట్టి, ఛాతీ, నడుము. ఇవి మీ నోట్లోంచి ఎప్పుడూ రాకూడదు. నా జీవితంలో నేను మర్చిపోలేని తప్పు ఇక్కడే చేశాను. చక్కటి చేతులున్న ఒక సెట్టర్ పిల్ల ఉండేది. మంచి చేస్తున్నాననుకుని అందరి ముందు "నాలుగు కిలోలు తగ్గితే ఇంకా పైకి ఎగురుతావమ్మా" అన్నాను. పదిహేను రోజుల్లో రావడం మానేసింది. ఆ మాట విన్న రోజు నుంచి పొద్దున టిఫిన్ తినడం లేదని వాళ్లమ్మ చెప్పినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను. పిల్ల నవ్వి పర్లేదంది, కానీ కోర్టుకి తిరిగి రాలేదు.

రోజూ చూసుకోవాల్సిన జాబితా:

- ఈరోజు ప్రతి పిల్లనూ పేరుతో కనీసం రెండుసార్లు పిలిచానా?
- బాగా ఆడే ముగ్గురితోనే ఎక్కువ మాట్లాడానా?
- బెంచ్ మీద ఉన్న వాళ్లకు ఒక్క మాటైనా నేర్పానా?
- ఎవరినైనా అందరి ముందు చిన్నబుచ్చానా? అయితే రేపు అందరి ముందే సారీ చెప్పాలి.

వారానికోసారి మీ ప్రాక్టీస్ పది నిమిషాలు ఫోన్‌లో గొంతు రికార్డ్ చేసుకుని వినండి. మొదటిసారి వినడం కష్టంగా ఉంటుంది. అయినా మార్పు అక్కడే మొదలవుతుంది.

7. నెలసరి, తిండి, రక్తం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి "బద్ధకం" అని మీరు తిట్టే పిల్లకు రక్తం తక్కువ ఉండే అవకాశం చాలా ఉంది. సగం ఆటకే ఆయాసం, కళ్లు తిరగడం, రెండు వారాలుగా వేగం తగ్గడం కనిపిస్తే తిట్టకుండా హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించమని తల్లికి చెప్పండి. ఈ వయసు అమ్మాయిల్లో 12 గ్రాముల కంటే తక్కువ వస్తే డాక్టర్‌ను కలవాలి. మందు పేర్లు మీరు చెప్పకండి.

మీరు చెప్పదగినది తిండి గురించి. ప్రాక్టీస్‌కు గంట ముందు అరటిపండో, రెండు ఇడ్లీలో. ముగిశాక అరగంటలో వేరుశనగ చిక్కీ, ఉడికించిన గుడ్డు, గుగ్గిళ్లు, ఏదో ఒకటి. రాత్రికి రాగి ముద్ద, పప్పు, ఆకుకూర ఉంటే ఇంకేం కావాలి! ఆకుకూర మీద నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది.

నెలసరి గురించి మొదటి నెలలోనే, మహిళా కోచ్ లేదా ఒక తల్లి, మామూలు గొంతుతో మాట్లాడాలి. ఆ రోజుల్లో ఆడొచ్చు. నొప్పిగా ఉంటే తగ్గించుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేకుండా "ఈరోజు తేలిగ్గా చేస్తాను" అనే హక్కు అందరికీ ఉంటుంది. నేను దానికి చేతి సైగ ఒకటి పెట్టాను. ఎవరూ అడగరు.

నెలసరి మూడు నెలలు వరసగా రాకపోయినా, పదిహేనేళ్లు దాటినా మొదలు కాకపోయినా డాక్టర్ దగ్గరికి పంపండి. చేసే శ్రమకు తినే తిండి చాలనప్పుడు ఇలా జరగొచ్చు. ఎముకలు బలహీనపడి పగుళ్లు రావచ్చు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీని మీద 2014 నుంచి కోచ్‌లను హెచ్చరిస్తోంది. "పీరియడ్స్ ఆగాయంటే ప్రాక్టీస్ బాగా చేస్తున్నట్టు" అనే కోచ్‌లు ఇంకా ఉన్నారు. అలాంటి వాళ్ల దగ్గర పిల్లను ఒక్క రోజు కూడా ఉంచొద్దు.

పెద్దమనిషి ఫంక్షన్ అయ్యాక చాలామంది తల్లిదండ్రులు "ఇక చాల్లేండి" అంటారు. ఫంక్షన్‌కు పిలిస్తే వెళ్లండి. వీలైతే మహిళా కోచ్ వెళ్లాలి. అక్షింతలు వేసి, అక్కడే తల్లితో "వచ్చే సోమవారం నుంచి పంపండమ్మా, నేను చూసుకుంటాను" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో వెనక్కి వచ్చిన పిల్లలు నాకు ముగ్గురున్నారు.

8. సెలెక్షన్ లిస్టు, బెంచ్

గోడకు లిస్టు అంటించి వెళ్లిపోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు. ఇలా చేయండి:

- ఏం చూసి ఎంచుతారో నెల ముందే చెప్పండి: సర్వ్, రిసీవ్, హాజరు, తోటివాళ్లతో మెలగడం.
- లిస్టులో లేని వాళ్లతో ముందు విడిగా, పదడుగుల దూరంలో అందరికీ కనిపించే చోట, రెండు నిమిషాలు మాట్లాడండి. ఏం తక్కువైంది, ఎంత కాలంలో వస్తుంది, ఏ రోజు మళ్లీ చూస్తారు.
- ఆ వారం వాళ్లకు ఒక ప్రత్యేక డ్రిల్ ఇవ్వండి.
- మూడు రోజుల్లో రాకపోతే ఫోన్ చేయండి. వారం ఆగితే ఆలస్యమే.

పన్నెండు మంది జట్టులో ఆరుగురే కోర్టులో ఉంటారు. స్నేహపూర్వక మ్యాచుల్లో ప్రతి పిల్లా కనీసం ఒక సెట్ ఆడాలని నియమం పెట్టుకోండి. నెలలు గడిచినా బెంచ్ దిగని పిల్లకు, "జట్టులో ఉన్నావు కదా" అనే ఓదార్పు ఎక్కదు.

9. పదో తరగతి, వేసవి సెలవులు

"మేడమ్, ఎస్సెస్సెల్సీ కదా, ఈ ఏడాది ఆపేద్దాం." ఈ ఫోన్ వస్తుంది. "ఆట ఉంటే చదువు బాగా వస్తుంది" అని వాదించకండి. తండ్రి టెన్షన్ నిజమైనదే. ఇలా చెప్పండి: "ఆపొద్దన్నా, తగ్గిద్దాం. వారానికి రెండు రోజులు, గంట చొప్పున. ప్రిపరేటరీ పరీక్షలప్పుడు పూర్తిగా సెలవు. పరీక్షలయ్యాక ఏ రోజు వస్తుందో ఇప్పుడే రాసుకుందాం." తిరిగొచ్చే తేదీ రాసుకోవడం ముఖ్యం. తేదీ ఉంటే అది విరామం. లేకపోతే మానేసినట్టే.

వేసవి గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ తెలుగు పిల్లలను నేను ఎక్కువగా పోగొట్టుకున్నది అక్కడే. ఏప్రిల్‌లో ఊరెళ్తారు, నెలన్నర అమ్మమ్మ ఇంట్లో ఉంటారు. తిరిగొచ్చేసరికి ఒళ్లు బరువెక్కి, చేతులు తడబడతాయి. ఇక్కడే ఉండి ఆడినవాళ్ల ముందు సిగ్గేసి రెండో రోజు నుంచి రారు.

ఊరెళ్లే ముందు ఒక బంతి చేతికివ్వండి. గోడకు రోజూ వంద పాస్‌లు, ఇరవై గుంజీలు. అంతే. తిరిగొచ్చిన మొదటి వారాన్ని అందరికీ తేలిక వారంగా పెట్టండి. ఆ వారం మ్యాచ్ ఆడించకండి.

10. మానేసే ముందు కనిపించే గుర్తులు

- అయిదు నిమిషాలు ముందు వచ్చే పిల్ల అయిదు నిమిషాలు ఆలస్యంగా రావడం
- జత లేకుండా అంచున నిలబడడం
- ప్రతి మంగళవారమో శుక్రవారమో ఒంట్లో బాగోలేదనడం
- తప్పు జరిగితే నవ్వేయడం, లేదా వెంటనే కళ్లనీళ్లు
- మీరు అడిగినదానికి "ఊఁ" తప్ప జవాబు లేకపోవడం

రెండు గుర్తులు ఒకే వారం కనిపిస్తే ఆ వారమే మాట్లాడండి. నెట్ విప్పుతూ, బంతులు సంచిలో వేస్తూ, పక్కన ఉండి: "ఈ మధ్య నీకు ఇక్కడ బాగోలేదనిపిస్తోంది బంగారం. నా వల్ల ఏమైనా ఉంటే చెప్పు, కోప్పడను." ఆ రోజు చెప్పకపోవచ్చు. మరుసటి వారం మళ్లీ అడగండి. చెప్పినదాంట్లో ఒక్కటైనా పది రోజుల్లో మార్చి చూపించండి. మార్చకపోతే ఇంకోసారి చెప్పదు.

11. తల్లిదండ్రులకు: కోచ్‌ను ఎంచుకునేటప్పుడు

ఫీజు కట్టే ముందు రెండు ప్రాక్టీసులు కూర్చుని చూడండి. కప్పులు ఎన్ని ఉన్నాయో తర్వాత చూడొచ్చు.

- బాగా ఆడని పిల్లతో కోచ్ ఎలా మాట్లాడుతున్నారు?
- చూడ్డానికి మిమ్మల్ని రానిస్తున్నారా? రానివ్వకపోతే అక్కడ చేర్చొద్దు.
- పదిహేనేళ్లు దాటిన అమ్మాయిలు ఎంతమంది ఉన్నారు? చిన్నపిల్లలు నిండుగా ఉండి పెద్దవాళ్లు లేకపోతే, ఎక్కడికి పోయారని అడగండి.
- బాత్రూం మీరే వెళ్లి చూడండి.

ఇంటికొచ్చాక "గెలిచావా?" అని అడగడానికి ముందు "ఈరోజు ఏం బాగుంది?" అని అడగండి. కారులోనో బండి మీదో మ్యాచ్ తప్పులు లెక్కపెట్టకండి. ఆ పని కోచ్‌కి వదిలేయండి. కడుపునొప్పి అంటున్న పిల్లను వారం రోజులు బలవంతం చేయకుండా ఇంట్లో ఉంచి, అక్కడ ఎవరంటే భయమో నెమ్మదిగా అడగండి. భయం లేదు, ఆసక్తే తగ్గిందంటే ఇంకో ఆట చూపించండి.

12. అయినా మానేస్తానంటే

కొందరు మానేస్తారు. డాన్స్ నచ్చుతుంది, ఇల్లు మారుతుంది, చదువు నిజంగానే ఎక్కువవుతుంది. అప్పుడు బతిమాలకండి, "ఇంత నేర్పించాను" అని దెప్పకండి. ఆఖరి రోజు అందరితో కలిపి ఆడించి, తనతో ఒక ఫొటో తీసుకుని, జెర్సీ తన దగ్గరే ఉంచుకోమనండి.

నెల తర్వాత వాళ్లమ్మకు ఒక ఫోన్. ఆట గురించి అడగక్కర్లేదు, పిల్ల ఎలా ఉందో అడగండి. మూడు నెలలకు ఇంకోటి: "ఆదివారం సరదా మ్యాచ్ పెట్టాం, ఖాళీ ఉంటే పంపండి." రిజిస్టర్‌లో పేరు కొట్టేయకుండా పక్కన పెన్సిల్‌తో ఆ తేదీ రాసి ఉంచండి.

పోయిన జనవరిలో ఏడాదిన్నర తర్వాత ఒక పిల్ల అలాగే వచ్చింది. గేటు దగ్గర నిలబడి, "మేడమ్, నా పేరు ఇంకా ఉందా?" అని అడిగింది. రిజిస్టర్ తీసి చూపించాను.